నా నోటికి తెగిన టైమింగ్ బెల్టు

మా ఎదురింటి యాదగిరి తన కారుకు ప్రతి శనివారం నిమ్మకాయ, మిరపకాయల దండ మారుస్తాడు. టైమింగ్ బెల్టు మాత్రం మార్చడు. దానికి కాలం చెల్లిందనీ, తెగితే ఇంజనే పోతుందనీ, కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉందనీ ఆరు నెలలుగా చెబుతున్నాను.

"నడిచే బండిని కెలుకుడు ఎందుకన్నా? పుస్తకాలు చదివి నువ్వు ఊకె ఫికర్ జేస్తవ్" అనేవాడు.

ఈ ఉదయం ఇద్దరం ఉప్పల్ నుంచి నాచారం వస్తుంటే ఆ బెల్టు తెగింది. స్టీరింగ్ అతని చేతిలో ఉంది కాబట్టి, ఈ వయసులో కారు తోసింది నేను. మెకానిక్ ఇంజను విప్పి, వాల్వులు వంగిపోయాయన్నాడు. "చెప్పానా!" అందామని నేను నోరు తెరిచేలోపే యాదగిరి అందుకున్నాడు.

"నీ నాలుకకు మచ్చ ఉన్నదన్నా! తెగుతది తెగుతది అని నువ్వు అనబట్టే తెగింది. నిమ్మకాయ గూడ ఆపలేకపాయె, సూడు!"

మెకానిక్ కూడా తల ఊపాడు. సాయంత్రానికి మా గేటు ముందు ఆపే కార్లన్నీ వీధి చివరికి తరలిపోయాయి.

నా నోటికి అంత శక్తే ఉంటే, మా కాలనీ సంఘం అధ్యక్షుడి గురించి ఇన్నేళ్లుగా అంటున్నవాటిలో ఒక్కటైనా ఎందుకు జరగలేదు? తెలిసినవాళ్లు చెప్పండి.