సంచికి చోటులేని రైలు కేబిన్

మూడేళ్లుగా హైస్పీడ్ రైలు డ్రైవర్ కేబిన్ గీస్తున్నాను గానీ, ఏ రైలు కేబిన్‌లోనూ ఒక్కసారైనా కూర్చోలేదు. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. ఇకపై వచ్చే ఇలాంటి రైళ్లన్నిటికీ ఒకే రకం కేబిన్ ఉండాలి, ఎదురుగా ప్రమాదం కనిపిస్తే డ్రైవరు బ్రేకు వేసి సీటు వెనక తలుపులోంచి తప్పించుకోవాలి. అదీ మా పని. ఆ కేబిన్‌ను బాలానగర్‌లో అసలు సైజులో ప్లైవుడ్‌తో చేయించారు. ఒక లోకో పైలట్ చూడటానికి వస్తున్నారని తెలిసి నేనూ బయలుదేరాను. మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే దారి చెబుతాను.

రాయదుర్గంలో తొమ్మిదింటికి మెట్రో ఎక్కితే సీటు దొరుకుతుంది, ఆ వేళకు జనమంతా ఇటే వస్తుంటారు కాబట్టి. అమీర్‌పేటలో దిగి మియాపూర్ రైలు ఎక్కాలి. గంటలోపే బాలానగర్ చేరాను. ఆటో అతను యాభై అడిగాడు. "గా రైలు డబ్బా జేస్తున్న షెడ్డుకా మేడం? మా గల్లీల అందరు సూసొచ్చిన్రు," అన్నాడు. గీసిన నేనొక్కదాన్నే చూడలేదన్నమాట.

షెడ్డులో వడ్రంగి యాదగిరి తలుపు బిగిస్తున్నాడు. పదిన్నరకు లోకో పైలట్ సత్యనారాయణ గారు వచ్చారు. సికింద్రాబాద్‌లో డ్యూటీ దిగి నేరుగా రావడంతో చేతిలో పెద్ద సంచి ఉంది. జెండాలు, టార్చి, రూల్సు పుస్తకాలు, క్యారియరు, రెండు జతల బట్టలు అందులోనే. లోపలికి వెళ్లి, వెనక్కి చూడకుండానే సంచిని సీటు వెనక పెట్టి కూర్చున్నారు. "పట్టాల మీద లారీ ఉందనుకోండి," అన్నాను. ఆయన బ్రేకు లాగి, గిరుక్కున వెనక్కి తిరిగి, సంచి తట్టుకుని బోర్లా పడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది. చేయి చాచినా తలుపు అందలేదు.

యాదగిరి ఆయన్ను లేపి కూర్చోబెట్టాడు. "సామాను యాడ వెట్టుకుంటరని ముందుగాలనే అడిగిన మేడం. బొమ్మల ఉన్నట్టే జెయ్యమన్నరు," అన్నాడు. ఆ బొమ్మ నాదే. డ్రైవరు ఎత్తు, చేతి పొడవు, మోకాలి వంపు అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. అతను ఇల్లు వదిలి వస్తాడనీ, రెండు రోజుల దాకా తిరిగి వెళ్లడనీ తోచలేదు.

వెంటనే మా మేనేజరుకు ఫోన్ చేశాను. "డ్రాయింగ్ ఫ్రీజ్ అయిపోయిందమ్మా. అందరూ సైన్ చేశారు, నువ్వు కూడా. అక్కడ బ్యాగ్ పెట్టొద్దని స్టిక్కర్ వేద్దాంలే," అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సత్యనారాయణ గారికి ఆ మాట చెప్పలేక చెప్పాను. ఆయన కోప్పడలేదు. "వేయించండమ్మా, చదువుతాం. చదివి సంచి అక్కడే పెడతామండి. ఒళ్లో పెట్టుకుని నడపలేం కదా," అన్నారు.

తిరుగు మెట్రోలో ఏడుపు ఆగలేదు. ఒక్క రైలులో తప్పుంటే ఆ ఒక్క రైలుతో పోయేది. మేము దాన్నే అన్ని రైళ్లకూ ప్రమాణంగా పెట్టాం. ఇక ప్రతి రైలులోనూ డ్రైవర్లు అదే చోట పడతారు, అదీ బ్రేకు వేసిన మరుక్షణంలో. ఒక్క సలహా: లోకో పైలట్‌ను డ్యూటీ దిగగానే, సంచితో సహా రమ్మనండి. డ్రాయింగ్ మీద సంతకం పెట్టకముందే పిలవండి. నేను పెట్టాక వెళ్లాను.