సమ్మయ్య గ్యాసు గోలీలు

సమ్మయ్య మొండితనంతోనే పోయాడని సిరోంచలో ఇప్పటికీ అంటారు. సిస్టరు, అంటే నేను, ఎంత మొత్తుకున్నా వినలేదట. తప్పు. నేను చెప్పింది చెప్పినట్టు విన్నాడు. ఎనిమిదేళ్లుగా ఈ సంగతి నాలోనే మోస్తున్నాను. చెప్పడం మీకే మొదలు.

నేను నాగపూర్‌లో నర్సింగు చదివి వచ్చినదాన్ని. వాదనలో నన్ను గెలిచిన డాక్టరు కూడా లేడు, అది దాచను. సమ్మయ్య వరి రైతు, మా నాన్న వయసువాడు. చంద్రపూర్‌లో తీయించిన ఈసీజీ చూసి మా దవాఖానా డాక్టరుగారు గుండె జబ్బేనన్నారు, రోజూ మాత్రలు పడాలన్నారు. ఒప్పించే పని నాది.

“గుండె జబ్బు సావుకార్లకు వస్తది బిడ్డా. నాగలి పట్టెటోనికి ఏడిది? ఇది గ్యాసు.”

“గ్యాసైతే బరువెత్తినప్పుడే ఎందుకొస్తది బాపూ? దానికి నీ మూట కనవడ్తదా?”

“నీ నోటితోని ఎవడు గెలుస్తడు? గ్యాసను, మింగుత. గుండె అన్నవనుకో, ఇగో, లేస్తున్న.”

లేచాడు కూడా.

“సరే, గ్యాసే. కూసో. ఇవి గ్యాసు గోలీలే.”

“గట్ల చెప్పు మరి!”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన తేరుకుని మళ్లీ పొలంలో దిగాడు. మొండి రోగిని దారికి తేవడం ఈమెను చూసి నేర్చుకోండని డాక్టరుగారు కొత్త నర్సులతో అన్నారు. ఎలా తెచ్చానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఎంత మురిసిపోయానో! తర్వాత ఏం జరిగిందో తెలిసి కూడా, లేచిన మనిషిని ఒక్క మాటతో కూర్చోబెట్టిన నా తెలివిని తలచుకుంటే లోపల ఎక్కడో ఇప్పటికీ మురిపెం కదులుతుంది. ఇదేం గర్వం?

కార్తీకం వచ్చింది. నెలంతా ఒంటిపూట తింటూ ఒక్కపొద్దులు ఉన్నాడు. నెల చివర్లో, భార్య రాజవ్వ పక్కనుండగానే, ప్రాణహితలో మునిగి ఒడ్డెక్కుతూ కూలిపోయాడు. కొన్నాళ్లకు ఆమే మిగిలిన మాత్రలు కొంగున కట్టుకుని దవాఖానాకు వచ్చింది.

“ఒక్కపూటే తింటున్న, ఇగ గ్యాసేడికెల్లి వస్తది, గోలీలెందుకన్నడు బిడ్డా. ఎవలకన్న పనికొస్తయని తెచ్చిన.”

జబ్బుకు నేను పెట్టిన పేరును బట్టే ఆయన మందు ఆపాడు. అయినా నా నోరు ఊరుకుందా? పక్కన కొత్త నర్సులున్నారు.

“నేను చెప్పినట్టు వినకపాయె గదవ్వా.”

మొగుడి తప్పు తనదైనట్టు ఆమె తల దించుకుంది. “మొండోడే బిడ్డా. ఏమనుకోకు.”

ఊరంతా పాకింది ఆ మాటే. పుట్టించింది నేను.

ఇప్పుడు గుండె కాదని మొరాయించేవాళ్లతో వాదించను, అబద్ధమూ ఆడను. గుండె జబ్బే అయితే నీకేం పోతుందని భయం, అని అడిగి నోరు మూసుకుంటాను. నేను నోరు మూసుకోవడం! ఎడ్లు అమ్మేస్తారని ఒకరు, కొడుకులు పొలంలో దిగనివ్వరని ఒకరు, మెల్లగా చెబుతారు. భయం చెప్పుకున్నవాళ్లు చాలామంది మందూ వేసుకుంటారు. ఈ పనిలో నన్ను మించినవాళ్లు ఈ తాలూకాలో లేరు, గర్వంగానే అంటున్నాను. సమ్మయ్యను మాత్రం అడగలేదు.

క్షమించమనడం లేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

రాజవ్వ ఇంకా ఉంది. బజారులో కనిపిస్తే ఆమే ముందు దండం పెడుతుంది. ఇంత నోరున్నదాన్ని, ఒక్కటి అడగలేకపోతున్నాను. ఒడ్డు మీద ఆ నొప్పి వచ్చినప్పుడు ఆయన గుండె పట్టుకున్నాడా, నా మాట నమ్మి కడుపు పట్టుకున్నాడా?