జొన్నల కుండలో సబ్బుబిళ్ళ

“సబ్బు ఏడ పెట్టినవే?”

“ఏడ పెడితే నీకెందుకు? నిన్ననే గద అంగి ఉతికింది!”

“స్టేషన్ మాస్టర్ సాబ్ ముందటికి మాసిన అంగితోని పొమ్మంటవా?”

“అసలు పోవద్దనే అంటున్న. రోజూ పోయి నిలబడితే నౌకరి వస్తదా? సబ్బు కరుగుతది, అంతే.”

“నేనేమన్న అడుగుతున్ననా? సలాం కొట్టి మర్యాదగ నిలబడుతున్న.”

“నోరు తెరవకుండ నిలబడితే మర్యాద అనరు, దయ్యం అంటరు!”

అప్పట్ల మా ఆలుమగల కొట్లాటలన్నీ ఇసుంటి చిన్న వస్తువుల మీదనే. నేను లింగంపల్లికి కాపురానికొచ్చిన కొత్త. రైళ్లను ఆపిన గడబిడలు సద్దుమణిగి అవి మల్లా సక్కగ నడుస్తున్నయి. (నల్లగండ్లల ఉండే నా మనుమరాలు, నౌకరి ఇప్పిస్తనన్న సారుకు ఇంకో మెసేజ్ పెట్టాల్నా వద్దా అని ఫోను దిక్కు చూస్తుంటే, నాకు ఆ సబ్బే యాదికొస్తది.) ఒకనాడు పట్టాల మీద బర్రె అడ్డం నిలబడితే మా ఇంటాయన దాన్ని తోక పట్టి తోలిండు. స్టేషన్ మాస్టర్ సాబ్ ఖుషీ అయి, “రైల్వే గేటు కాడ నౌకరి జాగ ఖాళీ అయితది, జర యాద్ చేపిస్తుండు” అన్నడు. ఇగ జూడు, ఉన్న ఒక్క మంచి అంగిని మాపటికి ఉతుకుడు, తెల్లారి తొడుక్కొని యాద్ చేపియ్య పోవుడు! మొదట సాబ్ నవ్విండు. తర్వాత చూడనట్టు తల ఊపిండు. ఆ తర్వాత వెనక తలుపు నుంచి పోవుడు మొదలుపెట్టిండు. ఒకనాడైతే పల్లికాయ బస్తాల వెనక నక్కిండట. టోపీ ఒక్కటే కనబడుతుంటే, మా ఆయన ఆ టోపీకే సలాం కొట్టి వచ్చిండు.

ఈ నౌకరి రాకపోతే ఆయన పట్నం పోయి మూటలు మొయ్యాలె. ఇంట్ల నేనూ మా అత్తా ఒకరి మొకం ఒకరం చూసుకుంట కూచోవాలె. (మా అత్తకు గూడ ఆ ఫికరే ఉండె.) అయినా సబ్బు కరుగుతుంటే నా పానం ఆగలేదు. జొన్నల కుండ అడుగున దాచిన. ఆయన పట్టుదల మనిషి, మాసిన అంగితోని గడప దాటలే. “నౌకరిని నీ సబ్బుతోనే కడిగేసినవ్, కోడలా” అని అత్త దెప్పింది. వారం చూసి, ఆయన రేపు పట్నం పోతనని మూట కట్టుకున్నడు.

ఆ సాయంత్రం నీళ్లకని స్టేషన్ బాయి కాడికి పోతే, సాబ్ తనే ఎదురొచ్చిండు.

“ఏమ్మా, నీ మొగడు కనబడుతలేడు. జ్వరమా?”

“మంచిగున్నడు సాబ్. సబ్బు అయిపోతదని నేనే తోలిస్తలేను.”

సాబ్ నవ్విన నవ్వుకు టోపీ కింద పడ్డది. “రోజూ కనబడితే, నేనేదో దొంగతనం చేసినట్టు పరేషాన్ అయితుండె. కనబడకపోయేసరికి ఆయనా యాదికొచ్చిండు, గేటూ యాదికొచ్చింది. గేటు కాడి పాతాయన రేపే పోతున్నడు. పొద్దుగాల తోలియ్యి. అంగి మాసినా ఫికర్ లేదు.”

ఎప్పుడు అడగాల్నో, ఎప్పుడు ఆగాల్నో నాకే తెలుసని మా చుట్టాలు ఇప్పటికీ మెచ్చుకుంటరు. నాకు తెలిసిందల్లా సబ్బు ధర. నిండా ఇరవై ఏండ్లు లేని ఆ పిల్ల, అంటే అప్పటి నేను, నడుముకు కొంగు చెక్కి, మొగని నౌకరికీ సబ్బుకూ మధ్య సబ్బు దిక్కే నిలబడ్డది. తలచుకుంటే నవ్వొస్తది. ముద్దు గూడ అనిపిస్తది.

ఆ మాపు సబ్బు తీసి సగం కోసి అంగి ఉతికిన. మబ్బు పట్టి అది ఆరలే. తెల్లారి ఆయన తడి అంగితోనే పోయిండు. పచ్చ జెండా చేతికిచ్చిన్రు. మొదటి బండి గేటు దాటేటాలకు అంగి ఆరింది. నేను మిగిలిన సగం సబ్బును గుడ్డల చుట్టి, మల్లా జొన్నల కుండల పెట్టిన.