పాలు కొండ దిగివస్తాయి

చిత్తూరుకు కొంచెం దూరంలో ఉన్న ఒక పాల శీతల కేంద్రంలో రవాణా సహాయకుడిగా చేరిన మూడో ఏట, మార్చి నెలలో, నాకు ఒక పని అప్పగించారు. రెండు డీజిల్ పికప్‌లను నడిపించి చూసి, ఏది కొనాలో రాసివ్వాలి. రవాణా సహాయకుడు మేనేజరుకు కింద, డ్రైవర్లకు పైన అని నియామక పత్రంలో ఉండేది. ఆచరణలో ఇద్దరికీ కిందే. ఆ ఉద్యోగం నుంచి నాకు ముప్పై నాలుగేళ్ళ వయసులోనే రిటైరయ్యాను. పెద్ద కంపెనీ ఒకటి మా కేంద్రాన్ని కొని, బండ్లను కాంట్రాక్టుకిచ్చి, మాకు స్వచ్ఛంద విరమణ ఇచ్చింది. అందులో స్వచ్ఛందం వాళ్ళది, విరమణ మాది. అందువల్ల మోకాళ్ళ నొప్పులు మొదలుకాకముందే జ్ఞాపకాలు రాసుకునే వీలు కలిగింది.

పని తెలియనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. పల్లెల్లో ఉదయం పిండిన పాలు నలభై లీటర్ల అల్యూమినియం క్యాన్లలో మా దగ్గరికి వస్తాయి. ఒక్కో బండి తిరిగే దారిని రూటు అంటారు. బండి డాకు, అంటే క్యాన్లు దించే అరుగు, దగ్గర ఆగగానే కెమిస్టు మూత తీసి వాసన చూస్తాడు, నమూనా తీసి పరీక్షనాళికలో కాచి చూస్తాడు. విరిగితే ఆ పాలు తీసుకోరు. క్యాను మీద ఎర్ర సుద్దతో గీత గీసి వెనక్కి పంపుతారు. దీన్ని రిటర్ను అంటారు. పాలు పిండాక చల్లబడేలోపు ఎంత ఆలస్యమైతే ఆ ఎర్ర గీత అంత దగ్గరవుతుంది. ఎండాకాలంలో అది డాకులో కాదు, దారిలోనే మన పక్కన కూర్చుంటుంది.

బండి కావలసింది బోడిగుట్టపల్లె రూటుకు. ఊరు కొండమీద ఉంది. ఘాటు రోడ్డు, మలుపులు, తారు కంటే గుంతలు ఎక్కువ. ఆ రూటులో తిరిగే పాత వ్యాను ఆ సీజనులో మూడుసార్లు దారిలో నిలబడింది, మూడుసార్లూ పాలు విరిగాయి. నాలుగో రిటర్ను వస్తే రూటు ఎత్తేస్తామని మేనేజరు చెంగల్రాయులు గారు ప్రకటించారు. ఆయన మాట తప్పేవారు కాదు, ముఖ్యంగా మాట నిలబెట్టుకోవడానికి ఏ పనీ చేయనక్కరలేనప్పుడు.

ఊళ్ళో పాల కేంద్రం నడిపేది మంగమ్మక్క. వేరుశనగ నమ్ముకుంటే లాభం లేదు, ఆవుల్ని కట్టుకోండని ఇంటింటికీ తిరిగి చెప్పింది ఆమే. రూటు పోతే ఆ పాలకు దిక్కు కొండకింద రోడ్డు. నెత్తిన క్యాను పెట్టుకుని రోజూ దిగేవాళ్ళు ఎవరూ లేరు.

తిరుపతి నుంచి రెండు షోరూముల వాళ్ళు రెండు డెమో బండ్లు పంపారు. రెండింటికీ నిమ్మకాయలు కట్టే ఉన్నాయి. ఒకటి పొడుగు బండి: పెద్ద ట్రాలీ, వెనక మందమైన పట్టీల స్ప్రింగులు, ఎక్కువ బరువు మోస్తుంది. రెండోది పొట్టి బండి: ట్రాలీ చిన్నది, స్ప్రింగులు మెత్తన, మలుపులో చప్పున తిరుగుతుంది, క్యాబిన్లో ఏసీ ఉంది. ట్రయల్ పద్ధతి సూటిగా ఉండాలి. ఒకే డ్రైవరు, ఒకే దారి, ఒకే బరువు. బయల్దేరేముందు ట్యాంకు నిండా డీజిల్ పోయాలి, తిరిగొచ్చాక మళ్ళీ నిండా పోయాలి, రెండోసారి పట్టినంత బండి తాగినట్టు లెక్క. డ్రైవరు గురవయ్యన్న. రూటు అతనిదే కాబట్టి బండీ చివరికి అతనిదే అవుతుంది.

మొదటి ట్రయల్ మేనేజరు గారే నిర్ణయించారు. క్యాన్లలో బోరు నీళ్ళు నింపి, రెండు బండ్లనూ కొండ ఎక్కించాలి. పొడుగు బండి రెండో గేరులో తొణక్కుండా ఎక్కింది. పొట్టిది మొదటి గేరులో మూలుగుతూ ఎక్కింది, పైకి వెళ్ళేసరికి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత తాకింది. ఫైలు సిద్ధమైంది. పుల్లింగ్ విషయంలో పొడుగు బండికి సాటి లేదని రాసి, సంతకం పెట్టమని నా ముందుకు తోశారు.

"సార్, మనం కొండమీద నీళ్ళు అమ్మం కదా," అన్నాను.

ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు.

"ఖాళీ క్యాన్లు పైకి పోతాయి. పాలు కిందికొస్తాయి. బరువుతో మన బండి ఎక్కేది ఎప్పుడూ లేదు, దిగేదే. అదీ ఇన్ని క్యాన్లు కాదు, ఇందులో సగం కూడా ఉండవు."

ఆ గదిలో అందరూ పాడిలో తలలు నెరిసినవాళ్ళే. అయినా కొండ కనబడితే ఎక్కడం గురించే ఆలోచిస్తారు. తర్వాత మేనేజరు గారు, పాలతోనే ట్రయల్ చేసుకో, విరిగితే అదే నాలుగో రిటర్ను, అన్నారు. నా తెలివికి ఊరు మొత్తం పూచీకత్తు పడింది.

మంగమ్మక్కను అడగకుండా ఆ పని చేయడం న్యాయం కాదు. కొండెక్కి విషయం చెప్పాను.

"అంటే మా పాల మీద మీరు పరీక్ష రాస్తారు. తప్పితే ఫెయిలయ్యేది మేము. అంతేనా సామీ?"

"అంతే అక్కా."

"ఆ మాట నేరుగా చెప్పినావు, అది చాల్లే. రాయి. ఎట్లయినా ఆ పాత బండితో మేము రోజూ రాస్తానే ఉండాము."

మొదటి ఉదయం పొడుగు బండి. పద్నాలుగు క్యాన్లు, చివరిది సగం వెలితి. పెద్ద ట్రాలీలో అవి బావిలో పడిన చెంబుల్లా ఉన్నాయి. మందమైన స్ప్రింగులు నిండు బరువు కోసం చేసినవి. తక్కువ బరువుకు అవి వంగవు, ఎగరేస్తాయి. ప్రతి గుంతకూ క్యాన్లు లేచి కూర్చున్నాయి. బ్రేకులకు మాత్రం వంక పెట్టడానికి లేదు. డాకులో మూతలు తీస్తే వెలితి క్యానులో పైన వెన్న పలుకులు తేలుతున్నాయి. పాలు విరగలేదు కాబట్టి రిటర్ను కాదు. కానీ వెన్న విడిపోయిన పాలలో నమూనాకు కొవ్వు తక్కువ చూపిస్తుంది, కొవ్వును బట్టే ఊరికి ధర. నీళ్ళ ట్రయల్‌లో ఇది తెలిసే అవకాశమే లేదు. నీళ్ళను ఎంత చిలికినా వెన్న రాదు.

డాకు దాకా వచ్చిన మంగమ్మక్క క్యానులోకి తొంగిచూసి, "చిలికే పనికి మాకు ఇంట్లో కవ్వం ఉండాది నాయనా. దానికి టైర్లు ఎందుకు?" అంది.

రెండో ఉదయం పొట్టి బండి. మంగమ్మక్క క్యాబిన్లో కూర్చుంది. క్యాన్లు ఎలా ఊగుతాయో చూడాలని నేను వెనక వాటి మధ్య కూర్చున్నాను. అవి ఊగనే లేదు. బండి ఎంత నిశ్శబ్దంగా దిగిందంటే, వెనక కూర్చుని నివేదికలో మొదటి వాక్యం కూడా ఆలోచించుకున్నాను. సగం దారిలో కాలిన వాసన వచ్చింది. నా వాక్యం అక్కడే ఆగింది.

గురవయ్యన్న బండిని కొండవైపు గోడకు ఆనించి ఆపి, దూకి చక్రాల ముందు రాళ్ళు పెట్టాడు. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ.

"బ్రేకు పెడలు కిందికి పోతాండాది సార్. ఇంగొక మలుపు దిగింటే మనం రోడ్డు మీద ఉండేవాళ్ళం కాదు."

క్యాబిన్లో ఒక బిందెడు తాగునీళ్ళున్నాయి. అతను వాటిని చక్రాల మీద పోయబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. కాలిన బ్రేకు డ్రమ్ము మీద చన్నీళ్ళు పడితే డ్రమ్ము చిట్లుతుంది, అప్పుడు ఉన్న బ్రేకులూ ఉండవు. మంగమ్మక్క మా ఇద్దరి మధ్య నుంచి బిందె లాక్కుని, క్యాన్ల మీద కప్పిన గోనెసంచుల మీద పోసింది. బండి తనంతట తాను చల్లారాలి. పాలు మాత్రం వేడెక్కుతూనే ఉంటాయి. ఎండ ఎదురు కొండ దాటి మా రోడ్డు మీదికి వచ్చింది. నేను క్యాను మీద చెయ్యి పెట్టి చూడడం మానేశాను. చెయ్యి పెట్టినంత మాత్రాన చల్లబడదు కదా.

"నాలుగోది ఇదే అనుకుంటా," అంది మంగమ్మక్క, రాతి మీద కూర్చుని. "ఆవుల్ని కట్టుకోండని ఊరంతా చెప్పింది నేనే. రేపు అందరూ తోలుకొచ్చి నా గుమ్మం ముందర కట్టేస్తారు."

"కట్టనీలే అక్కా. పేడకు కరువుండదు."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. కాసేపటికి ఆమె, "పాపం బండి మంచిదే అబ్బా," అంది. "మోత లేదు, అరుపు లేదు. దిగేటప్పుడు ఇంజనే వినపడల్యా."

అక్కడ నాకు వెలిగింది. గేరులో దిగే బండి అరుస్తుంది. ఇంజనే చక్రాలను పట్టి ఆపుతుంది కాబట్టి అరవాలి. అరవలేదంటే గేరులో లేదు. గురవయ్యన్న వైపు చూశాను. అతను నిమ్మకాయలు చూస్తున్నాడు.

"అన్నా, న్యూట్రల్‌లో దించినావా?"

చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత చెప్పింది ఇది. మా కేంద్రంలో డీజిల్ తక్కువ తాగించిన డ్రైవరుకు మంచి పేరు. అందుకే కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో జార్చడం డ్రైవర్లందరికీ అలవాటు. నిన్న పొడుగు బండిని అతను బుద్ధిగా గేరులో దించాడు, ఎందుకంటే అది అతనికి నచ్చలేదు, ఎంత తాగితే అంత మంచిది. ఈ బండి నచ్చింది.

"ఏసీ ఉండాది కదా సార్. మైలేజీ బాగా వస్తే మేనేజరు ఇదే కొంటాడని..."

"నీ ప్రేమతో దాని చక్రాలు కాలినాయి కదన్నా."

మంగమ్మక్క అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం పద్ధతి కాదు. అందులో అతని నాయనకూ, ఏసీ కనిపెట్టినవాడికీ సమానంగా వాటా దక్కింది.

పొగ ఆగి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక బయల్దేరాం. ఈసారి నేను క్యాబిన్లో ఇరుక్కుని గేరు రాడ్డునే చూస్తూ కూర్చున్నాను. రెండో గేరు. బండి దారి పొడవునా అరిచింది. అంత ఇంపైన అరుపు నేను మళ్ళీ వినలేదు. పెడలు మళ్ళీ కిందికి పోలేదు.

డాకు దగ్గరికి మామూలు కంటే బాగా ఆలస్యంగా చేరాం. చెంగల్రాయులు గారు గడియారం చూడలేదు. ఎర్ర సుద్ద చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కెమిస్టు మూతలు తీశాడు. వెలితి క్యానులో వెన్న పలుకు ఒక్కటీ లేదు. వాసన చూశాడు. ప్రతి క్యాను నుంచీ నమూనా తీసి, నాళికలు మరిగే నీళ్ళలో పెట్టాడు. మంగమ్మక్క గోడవైపు తిరిగి నిలబడింది. ఒక్కో నాళిక తీసి వెలుతురుకు పట్టి, గాజు వెంబడి పాలను వంచి చూశాడు. విరిగితే గాజుకు పలుకులు అంటుకుంటాయి. చివరి నాళిక కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"నిలబడినాయి. ఇంకాసేపైతే చెప్పలేం," అన్నాడు.

మంగమ్మక్క గోడవైపు నుంచి తిరగకుండానే, "క్యాన్లు కడిగీండప్పా, సాయంత్రం పాలకు కావల్ల," అంది.

నివేదికలో పొట్టి బండినే కొనమని రాశాను. దానికి రెండు షరతులు పెట్టాను: ఆ ఘాటులో దిగేటప్పుడు రెండో గేరు దాటకూడదు, ఆ రూటులో డీజిల్ లెక్కతో డ్రైవరుకు మంచిపేరు చెడ్డపేరు కట్టకూడదు. న్యూట్రల్‌లో జార్చే అలవాటు గురించే రాశాను, గురవయ్యన్న పేరు రాయలేదు. పేరు రాస్తే మిగతా డ్రైవర్లందరివీ రాయాలి. మేనేజరు గారు మొదటి షరతు ఒప్పుకున్నారు. రెండోదానికి మధ్యేమార్గంగా, డీజిల్ ఎక్కువ తాగుతుందని ఏసీ వైరు పీకించారు.

రూటు ఎత్తేయలేదు. మమ్మల్ని ఎత్తేశాక కూడా ఆ బండి ఆ కొండ దిగుతూనే ఉంది. గురవయ్యన్న ఇప్పుడు కాంట్రాక్టరు దగ్గర అదే బండి నడుపుతున్నాడు, కిటికీ అద్దం దించుకుని.

రెండు బండ్లను పోల్చడంలో నేను నేర్చుకున్నది ఇంతే. బండి ఏమేం చేయగలదు అని కాదు, మనం రోజూ దానితో చేయించేది ఏమిటని అడగాలి. బరువు ఏ దిక్కుకు పోతుందో చూసి, ఆ దిక్కునే నడిపి చూడాలి. ఆ తర్వాత, ఏ ఫలితమైనా నమ్మేముందు, నడిపినవాడికి ఏ బండి నచ్చిందో కనుక్కోవాలి.