లోపల మరిచిన గొట్టం

మొన్న సోమవారం జనగామలో నా గదికి ఒక పెద్దామెను కొడుకూ కోడలూ కలిసి తీసుకొచ్చారు. అమ్మా, మంట ఎప్పట్నుంచి అని నేను ఆమెను అడిగితే కొడుకు చెప్పాడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తావమ్మా అంటే కోడలు చెప్పింది, నీళ్లు సరిగ్గా తాగుతున్నావా అంటే ఇద్దరూ ఒకేసారి చెప్పారు. అది చాలదన్నట్టు, ఆమెను బయట కూర్చోబెట్టి మాట్లాడదాం సార్, తెలిస్తే భయపడుతుంది అని కొడుకు నా చెవి దగ్గర గొణిగేసరికి నాకు ఒళ్లు మండి ఆ ఇద్దరినే బయటికి పంపించాను. ఈ డాక్టరుకు నోటి దురుసు ఎక్కువని వరండాలో అనుకుంటారని తెలుసు. అనుకోనీ.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన ఇళ్లల్లో రోగం సంగతి రోగికి తప్ప వాడకట్టంతా తెలిసేది. మహబూబాబాద్‌లో బట్టలు కుట్టి మమ్మల్ని సాకిన మా నాయిన మాత్రం అందుకు తలకిందులు, మూత్రం సరిగ్గా రాక ఏళ్ల తరబడి అవస్థపడుతూ కూడా సిగ్గుకొద్దీ మాకెవరికీ చెప్పలేదు. ఆ కోపంతోనే నేను ఈ మూత్రవ్యాధుల చదువు పట్టుకుంటే, సంబంధాలవాళ్లకు నువ్వు దేని డాక్టరువని చెప్పాలిరా అని మా పెద్దమ్మ తల పట్టుకుంది. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, పేషెంటు మొహం చూసి ఉన్నమాట చెప్పే ధైర్యం నాకు మాత్రం అప్పట్లో ఎక్కణ్ణుంచి వస్తుంది?

వారానికొకసారి భూపాలపల్లికి వెళ్లి చూసే తొలినాళ్లలో, టేకుమట్ల దిక్కు నుంచి ఒక మిరప రైతు తన భార్యను తీసుకొచ్చాడు. మూత్రనాళంలో రాయి. అప్పుడు నేను పనిచేసే వరంగల్ ఆసుపత్రికి రప్పించి తీసేశాను, లోపల దారి మూసుకుపోకుండా సన్నటి గొట్టం ఒకటి పెట్టాను. నెలన్నరకు వస్తే అయిదు నిమిషాల్లో తీసేస్తాను, రాకపోతే దాని చుట్టూ రాయి పేరుకుని కిడ్నీయే పోతుందని భర్తకు రెండుసార్లు చెప్పాను. ఆయన నన్ను పక్కకు పిలిచి బతిమాలాడు.

"గొట్టమున్నదంటె గాబరైతది సార్, దానికి జెప్పకుండ్రి. నేను తోలుకొస్త."

సరేనన్నాను. అన్నది నేనే. ఇంటికెళ్లేటప్పుడు ఆమె దండం పెడితే, అంతా బాగైందమ్మా అని కూడా అన్నాను.

మూడేళ్లకు తీసుకొచ్చాడు, జ్వరంతో, మూత్రంలో నెత్తురుతో. ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా అంటే, నొప్పి పోయింది గదా అని ఊరుకున్నాడట, తర్వాత మిరపకాయ ఏరుళ్లు వచ్చాయట, ఆ తర్వాత మరిచేపోయాడట! తిట్టాను, గొంతు పోయేటట్టు తిట్టాను, కానీ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూస్తే గొట్టం పొడవునా రాయి కట్టింది, ఆ పక్క కిడ్నీ ఇక పనికిరాదు. తీసేయక తప్పదని ఈసారి భర్తను బయటికి పంపి ఆమెకే చెప్పాను, గొట్టం సంగతితో సహా. ఆమె ఏడవలేదు. నా వంకే చూసి అడిగింది.

"నా కడుపులున్నదాన్ని నాకు జెప్పకుంట ఆయినకు జెప్పినవా సారూ? నాకొక్క మాట జెప్తె నడిసన్న వత్తుంటి గద."

మిగిలిన కిడ్నీతో ఆమె ఈనాటికీ బాగానే ఉంది. ఆ తర్వాత నుంచి నేను ఏ మాటైనా పేషెంటుకే చెప్తాను, తిరిగి నాకు అప్పజెప్పేదాకా లేవనివ్వను, విసుక్కున్నా సరే.

ఇప్పుడు స్కానింగుకు ఎక్కడికో పోనక్కర్లేదు, రాయిని లేజరుతో పొడి చేసేస్తున్నాం, గొట్టం తీయించుకునే తేదీ ఫోనుకు దానంతటదే వెళ్తుంది. ఆ ఫోను నెంబరేమో కొడుకుదో అల్లుడిదో రాయిస్తారు, ఏం చెప్పమంటారు! మనం చూస్తుండగానే ఎన్నెన్ని మిషన్లు వచ్చాయో తలుచుకుంటే సంతోషమే, కానీ ఆనాడు ఆమె కిడ్నీకి కావలసింది ఒక్క మాట, దానికి ఆ రోజుల్లో కూడా ఏ మిషనూ అక్కర్లేదు.