అందరు దిగిండ్రా?

గెలిచాం! తప్పు నా బిడ్డది కాదు, రైలు నడిపినవాళ్లదేనని నిన్న కోర్టు చెప్పింది. ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మా అక్క పోయిన నెలలోనే కన్నుమూసింది. పెద్దగా చదువుకున్నవాణ్ని కాను. సంతోషమూ ఏడుపూ కలిసి వస్తున్నాయి, రాత అటూ ఇటూ అయితే మన్నించండి.

కొన్నేళ్ల కింద అక్క, నా బిడ్డ బెల్లంపల్లిలో చుట్టాల పెండ్లి చూసుకుని రైల్లో తిరిగొస్తున్నారు. మా ఊరి స్టేషన్‌లో ముందు అక్క దిగింది. వెనకాల బిడ్డ ఒక కాలు కింద పెడుతుండగానే, కూతైనా లేకుండా బండి కదిలింది. ఆ కాలు పోయింది. తాము చూసుకోలేదని రైలువాళ్లు ఒక్కరూ ఒప్పుకోలేదు. కదిలే బండి నుంచి దూకిందని రాసేశారు. బిడ్డ అత్తగారు కూడా అదే నమ్మి, తొందరెక్కువ పిల్ల అంది. కాలు పోయినందుకంటే ఆ మాటకే బిడ్డ ఎక్కువ ఏడ్చింది.

అక్క మాత్రం ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఒకటే చెప్పింది. "బండి కదిలినంక మేం దిగలే. మేం దిగుతుంటె బండి కదిలింది." కోర్టులో రైలువాళ్ల వకీలు, నీకు అసలు కండ్లు కనబడతాయా పెద్దమ్మా అని ఎగతాళి చేశాడు.

"నాకు కనవడ్డది బిడ్డా. కనవడనిది మీ గార్డుకు," అంది. జడ్జిగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

బిడ్డ కాలు పోయినప్పటి నుంచి ఆమెకు ఒక అలవాటు. ఏ స్టేషన్‌లోనైనా ముందు తాను దిగి, గార్డు డబ్బా వైపు చెయ్యెత్తి నిలబడేది. ముసలివాళ్లు, పిల్లల తల్లులు, మూటలు అన్నీ దిగేదాకా చెయ్యి దించేది కాదు. "అందరు దిగిండ్రా?" అని కేకేసేది. నాకు సిగ్గేసి రెక్క పట్టి గుంజితే, "రైలు వాళ్ల అయ్యదా తమ్మీ? టికెట్ కొన్నం, నిమ్మలంగ దిగుతం," అనేది.

ఆమె పోయాక పిట్టకు పెట్టాం, కాకి ముడితేనే పోయినవాళ్ల మనసు నిండినట్టు. ఆమెకు ఇష్టమైన సర్వపిండి, గ్లాసుడు చాయ. కాకి గోడ మీద కూర్చుంది గానీ కిందికి దిగలేదు. ఆమె మనవడి పెండ్లి మంచిగా చేస్తామని మాటిచ్చాం, ముట్టలేదు. ఎండ ముదిరింది. అప్పుడు నా బిడ్డ కర్ర ఊతంతో ముందుకొచ్చింది. చూసిన మనిషే పోయింది, ఇక తప్పు నీదేనని ఒప్పుకుని రాజీపడమని అందరూ దాని చెవిలో పోరుతున్న రోజులవి.

"అత్తా, తప్పు నాదని నేను ఒప్పుకోను. కేసు ఇడువను."

కాకి దిగి సర్వపిండి ముక్క నోట కరుచుకుంది.

ఇక ఈ కబురు చెప్పాల్సినవాళ్లు: మెట్‌పల్లిలో తమ్ముడికి. సర్కారుతో మనకెందుకు కొట్లాట బావా అన్న ఆదిలాబాద్ బావమరిదికి, వాడికి రెండుసార్లు. బిడ్డ అత్తగారికి ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని బిడ్డే చెబుతుందట. రైల్లోనే పోతాం. బిడ్డ దిగేదాకా చెయ్యెత్తి నిలబడేది ఈసారి నేను. అందరికీ చెప్పి వచ్చాక, అక్క ఇంటి గోడ మీది కాకికి.