ఇంజన్‌కు ఒడిబియ్యం

పర్శరాములు ఇంజన్లు బిగించడు. పెళ్లిళ్లు చేస్తాడు.

శ్రీరాంపూర్ రోడ్డు మీద రేకుల షెడ్డు అతనిది. ఒక మోటార్‌సైకిల్ ఇంజన్ తీసి ఇంకో బండి చట్రంలో కూర్చోబెట్టడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. కానీ అతని లెక్కలో ఇంజన్ ఆడపిల్ల, చట్రం అత్తగారిల్లు, బిగించే మూడు బోల్టులు మూడు ముళ్లు. మూడో బోల్టు తిప్పేటప్పుడు ఎవరైనా తుమ్మితే మొదటి రెండూ విప్పేసి, చాయ్ తాగి, మళ్లీ మొదలుపెడతాడు. జలుబు చేసిన గిరాకీ ఒకతని బండి తొమ్మిది రోజులకు గానీ షెడ్డు దాటలేదు.

నేను బొగ్గుగని దగ్గర, హాజరు రాసే టైమాఫీసులో గుమాస్తాను. కరీంనగర్‌లో మోజుపడి వెల్డింగ్ చేయించుకున్న పొడుగాటి చట్రం ఒకటి, ఇంజన్ లేక, తిని పారేసిన చేప ముల్లులా మా గోడకు ఆనుకుని ఉండేది. దానికి పర్శరాములే సంబంధం తెచ్చాడు.

"పిల్ల ఉన్నది తమ్మీ. రాజయ్య బండి ఇంజన్. గనిల చేసి రిటైరైండు, దసరాకు పోయిండు. బండి చట్రం తుప్పువట్టింది కానీ ఇంజన్ బంగారం. ఆయన భార్య శంకరవ్వ ఇస్తనన్నది. పిల్లా జెల్లా లేరు, ఒక్కతే ఉంటది."

"మంచిగ నడుస్తదా అన్నా?"

"ఇరవై ఏండ్లు ఒక్క తొవ్వల పోయి అచ్చిన పిల్ల. తల్లిగారింటిని మరువది. తర్వాత నన్ను అనొద్దు."

అట్టముక్కల మీద కొలతలు గీసి, ఇనుప పలకలు కోసి, గొలుసు వంకరపోకుండా దారం పట్టి చూసి, రెండు రోజులు తిప్పలు పడ్డాడు. మూడో రోజు శంకరవ్వను పిలిపించాడు. ఎండుపుల్లలా వచ్చి నిలబడింది.

"తిన్నవా అవ్వా?"

"ఆకలైతలేదు కొడుకా."

కూతురిని సాగనంపినట్టే పసుపు కలిపిన ఒడిబియ్యం ఐదు దోసిళ్లు ఇంజన్ మీద పోయించాడు. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. గింజలు కొన్ని ఇంజన్ రెక్కల మధ్య ఇరుక్కున్నాయి.

"అన్నా, మాడు వాసనొస్తది గదా?"

"అత్తగారింటికి పోయిన పిల్లకు తల్లిగారి వాసన రాకుంటెట్ల?"

మరునాడు మధ్యాహ్నం మూడింటికి మొదటి షిఫ్టు ముగిసిన సైరన్ మోగగానే బండెక్కి ఇంటికి బయల్దేరాను. ఎండలో బొగ్గు దుమ్ము నల్లటి పుప్పొడిలా వేలాడుతోంది. ఎక్కడో దూరంగా గనిలో పేలుడు, తర్వాత అరికాళ్ల కింద చిన్న వణుకు. ఒక సందు మలుపులో నా ఇంజన్ నిట్టూర్చింది. చప్పుడు లేకుండా దొర్లి, ఒక నీలం తలుపు ముందు నిలబడింది. కుక్క ఒకటి మొరగబోయి మానుకుంది.

తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది. శంకరవ్వ నన్ను చూడలేదు. బండిని చూసింది.

"ఏమయ్యా, ఇయ్యాల ఆలస్యమైంది?"

నేను వెనక్కి తిరిగి చూశాను, సందులో నేను తప్ప ఎవరూ లేరు.

తర్వాత నన్ను చూసింది. ఎండలో నిలబెట్టినందుకు నొచ్చుకున్నట్టు లోపలికి పోయి, పొయ్యి ముట్టించి, రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. ఒకటి నాకు. రెండోది ఎవరికోనని నేను అటూ ఇటూ చూస్తుంటే తనే తాగింది. పావుగంటకు ఇంజన్ ఒక్క కిక్కుకు లేచింది.

నెల రోజులు ఇదే తంతు. పొద్దున చల్లటి వేళ ఆగదు. ఆదివారం అంత దూరం మంథని దాకా పోయి వచ్చినా ఆగలేదు. మూడుంబావుకు, ఆ నీలం తలుపు ముందు మాత్రం ఆగుతుంది.

"అన్నా, బండికి దయ్యం పట్టింది!"

"దయ్యం కాదు తమ్మీ, తల్లిగారిల్లు. అల్లునివి నువ్వు, జర ఓపిక వట్టు."

టైమాఫీసులో నా పేరు సదానందం అని అందరూ మరిచిపోయారు. "ఏం అల్లుడూ, అత్త ఏం పెట్టింది?" అనేవారు. బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి పెట్టేది. మొదట నాకొక్కడికే తుంచి ఇచ్చేది. తర్వాత నా ఎదురుగా కూర్చుని తనూ తినేది. ఎండుపుల్ల మెల్లగా మనిషవుతోంది. భయంలో నేనది గమనించలేదు.

చివరికి తట్టుకోలేక మంచిర్యాలలో సిద్దిరాములు అనే మెకానిక్‌తో బండి విప్పించాను. నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌ను అతను రెండు వేళ్లతో పైకి తీశాడు.

"గిది ఎవడు వెట్టిండే? వేడెక్కితే సస్తది, సల్లారితే లేస్తది."

దానికి ఎర్రదారం కట్టి ఉంది. పర్శరాములు షెడ్డులో మేకుకు వేలాడుతుండగా నేను చూసిన పాత సామానే అది. కొత్త కాయిల్ వేయించుకుని, పాతది తెచ్చి పర్శరాములు ముందు విసిరికొట్టాను.

అతను తల గోక్కున్నాడు.

"రాజయ్య పోయినంక శంకరవ్వ పొయ్యి ముట్టియ్యలే తమ్మీ. అటుకులు నానేసుకొని బతుకుతున్నది. నేను అన్నం వట్కపోతే మర్లగొట్టింది. ఎవరడిగినా ఆకలైతలేదంటది. కానీ బండాగి ఎండల నిలవడ్డ మనిషికి చాయ్ వొయ్యక ఉంటదా? గని కాడ్నుంచి ఆ ఇంటికి పన్నెండు నిమిషాలు. నాలుగుసార్లు నడిపి చూసి వెట్టిన గా కాయిల్."

నా కోపానికి నిప్పురవ్వ అందలేదు. ఒక్కటే అడిగాను: "మరి మంథని దాకా ఆగకుంట ఎట్ల పోయింది?"

అతని చేతిలోంచి పానా జారింది.

"మంథనా? గీ కాయిల్‌తోనా? సగం తొవ్వ గూడ పోలేవు తమ్మీ!"

ఇద్దరం బండి వైపు చూశాం. అది ఏమీ విననట్టు నిలబడి ఉంది.

"రేపు కొత్త కాయిల్‌తోనే పోదాం," అన్నాడు గొంతు తగ్గించి. "నేను గూడ అస్త."

మరునాడు మూడింటికి గని దగ్గర నా చొక్కా రెండు చేతులా పట్టుకుని వెనక కూర్చున్నాడు. సందు మలుపులో మాడిన బియ్యం వాసన వచ్చింది. ఇంజన్ నిట్టూర్చింది. నీలం తలుపు ముందు బండి నిలబడింది. బ్రేకు నేను వేయలేదు. వేశానేమో. ఉన్న ఒక్క సాక్షి కళ్లు మూసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. శంకరవ్వ చేతిలో పళ్లెం, పళ్లెంలో సర్వపిండి, మూడు గ్లాసులు. పర్శరాములు వస్తాడని నేనెవరికీ చెప్పలేదు.

"ఏమయ్యా, ఇయ్యాల జల్ది అచ్చినవ్," అంది బండితో. తర్వాత పర్శరాములు వైపు తిరిగింది. "తిను కొడుకా."

అతను నా వెనక నక్కి అన్నాడు: "ఆకలైతలేదవ్వా..."

శంకరవ్వ నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"గా మాట నాకే చెప్తున్నవా రా? కూసో!"